మోకాలికి మేకప్

పోయినవారం మీరు నన్ను జూబ్లీహిల్స్ ఆస్పత్రి గదిలో, అత్తమ్మ మంచం పక్కన, తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డచోట వదిలి వెళ్లారు. ఇంకా అక్కడే ఉన్నాను. గుడ్డ చేతిలోనే ఉంది. దాని మీద గోధుమరంగు మరకా అలాగే ఉంది.

ఈ వారమే ఈ కథ చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మా అత్తమ్మ సత్యలక్ష్మి మండపేట నుంచి గ్రూపు డాన్సరుగా ఈ ఊరొచ్చింది. డాన్సులు ఆగిపోయాక, సినిమా పెళ్లిళ్లలో పళ్లెం పట్టుకుని వెనకాల నిలబడే వేషాలు వేసి కొడుకును పెంచింది. ఆ కొడుకు శ్రీకృష్ణ, మేకప్ అసిస్టెంటు. నేను వందన. బోరబండ పిల్లను, ఇంటర్ సగంలో వదిలేసి ఆయన్ని చేసుకున్నాను. మా పాప పూజితకు మూడో ఏడు. కృష్ణానగర్లో కిరాయి గది. అత్తమ్మ కుడి మోకాలికి కొన్నేళ్ల కింద వేరే చోట స్టీలు కీలు వేశారు. అది వదులైంది. రేపు పొద్దున దాన్ని తీసి కొత్తది వెయ్యాలి. నర్సు ఇచ్చిన ఎర్రమందు నీళ్లతో కాలు తుడవమంటే తుడిచాను. కాలి రంగు గుడ్డకు వచ్చింది.

మనిషి ఒంటిరంగు గుడ్డకు అంటదు గదా.

అత్తమ్మ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తోంది. పూజిత కింద కూర్చుని స్పూనుతో మంచం కోడును వాయిస్తోంది. మా ఆయన చాయ్ తేవడానికి కిందికి పోయాడు. ఆయన మేకప్ పెట్టె మూలన ఉంది, షూటింగు లేని రోజు కూడా అది లేనిదే ఇల్లు కదలడు. నాకు కాలు నిలవలేదు. కిటికీ దాకా పోయాను, వచ్చాను. మళ్లీ పోయాను. పూజిత నుదురు మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. భయమేస్తే నా చెయ్యి ముందు అక్కడికే పోతుంది. పోయిన చలికాలం జ్వరంలో దానికి ఫిట్స్ వచ్చినప్పటి నుంచి అంతే.

వంగి మోకాలు దగ్గరగా చూశాను. గుడ్డకు అంటింది అంచు మాత్రమే. మిగతాది కదల్లేదు. నీళ్లకు లొంగే రంగు కాదది, వాన పాటల్లో వాడేది. దాన్ని దించాలంటే కొబ్బరినూనె కావాలి. మేకప్ చేసేవాడి పెళ్లాన్ని, ఆ మాత్రం తెలుసు. పూజిత తలకు రాయడానికి తెచ్చిన సీసా సంచీలోనే ఉంది.

దూది మీద నూనె వంచాను. రాయబోతూ ఆగిపోయాను.

ఆ రంగు మీద సన్నసన్నగా చుక్కలు. నిజం చర్మం మీద ఉండే సూదిబెజ్జాల లాంటివి. స్పాంజిని కత్తెరతో కొయ్యకుండా చేత్తో చింపి, ఆ చింపిన అంచుతో అద్దితేనే అలా పడతాయి. ఆ పని మా ఆయన నా చేతి మీదే నేర్చుకున్నాడు. పెళ్లయిన కొత్తలో, నా ముంజేతి మీద నూనె చింది కాలిన మచ్చ ఉంటే, రోజూ కూర్చోబెట్టి దాన్ని మాయం చేసేవాడు. "చూడు, ఎక్కడుందో నువ్వే చెప్పలేవు," అని మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని.

నూనె రాశాను. రంగు జారింది. కింద చర్మం ఎర్రగా, బిగుసుకుని మెరుస్తోంది. పాత కుట్ల గీత పక్కన కందిగింజంత గుంట. దాని మీద పక్కు కట్టి ఉంది.

నాకు డాక్టరు సుబ్రహ్మణ్యం గారి మాటలు చెవిలో మోగాయి. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన అత్తమ్మను ఒకటికి రెండుసార్లు అడిగాడు. "కుట్ల పక్కన ఎప్పుడైనా కురుపు లేచిందా? రసి గానీ చీము గానీ కారిందా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. కీలు ఊరికే వదులైతే ఒకే ఆపరేషన్. పాతది తీస్తా, కొత్తది వేస్తా. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే మీకు రెండు ఆపరేషన్లు తప్పవు. మొదట పాతది తీసి, కడిగి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి కుడతాను. అంతా శుభ్రపడిందని తేలాకే కొత్తది." అత్తమ్మ కళ్లు పెద్దవి చేసి, "అయ్యో, అలాంటిదేం లేదండీ," అంది. ఎంత బాగా అంది! నేను పక్కనే ఉన్నాను. నమ్మాను.

"ఆ నూనె ఎందుకే? నా కాలు ఆపరేషన్ చేయించడానికా, వేయించడానికా?"

అత్తమ్మ కళ్లు తెరిచింది. నవ్వబోయి, నా చేతిలో దూది చూసి ఆగింది.

"అత్తమ్మా, గిదేంది?"

"ఏది?"

"గీ గుంట."

"దోమ కుట్టింది."

"దోమ కుడితె మేకప్ ఏస్తరా?"

"మెల్లగా మాట్లాడవే. తలుపు తీసుంది."

తలుపు వేసి వచ్చాను. వేస్తే ఊపిరాడనట్టనిపించి కొంచెం తీశాను. "ఎప్పటి సంది?"

"దసరా ముందు నుంచి. వస్తుంది, పోతుంది. కృష్ణానగర్ నీళ్ల ట్యాంకరు లాగా." ఆవిడకు ఎంత కష్టంలో ఉన్నా ఒక ఎకసెక్కెం రావాల్సిందే. "ఇప్పుడు పోయింది కదా. చూడు, ఎండిపోయింది."

"ఎట్ల ఎండింది?"

అత్తమ్మ తల కింద దిండు సర్దుకుంది.

"అత్తమ్మా, ఎట్ల ఎండింది?"

"మందుల షాపులో గొంతునొప్పి అని చెప్పి బిళ్లలు తెచ్చుకున్నాలే. వేసుకుంటే తగ్గింది. తగ్గడానికేగా బిళ్లలు కనిపెట్టింది?"

నేను కుర్చీలో కూలబడ్డాను. వెంటనే లేచాను. మోకాల్లోకి సూది దించి నీళ్లు తీసి పరీక్షకు పంపేముందు, యాంటీబయాటిక్ బిళ్ల ఒక్కటి కూడా మింగొద్దని డాక్టరు గారు వేలు చూపించి మరీ చెప్పాడు. "పోలీసు జీపు సైరన్ వేసుకుంటూ వీధిలోకి వస్తే దొంగలు చస్తారా? దాక్కుంటారు. మనం తలుపు కొట్టి అడిగితే ఇక్కడెవరూ లేరంటారు. మందు వేసుకుని టెస్టుకొస్తే అంతే. నీళ్లలో ఏమీ పెరగదు, లోపల స్టీలుకు అంటుకుని మాత్రం హాయిగా ఉంటాయి," అన్నాడు. అత్తమ్మ ఆ పోలిక విని చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఆ తర్వాత నీళ్లు తీశారు. ఏమీ పెరగలేదని రిపోర్టొచ్చింది. అది చూసే రేపటి ఆపరేషన్ పెట్టారు.

"నీకు అన్నీ తెల్సి ఏసుకున్నవా?"

"తెలిసే వేసుకున్నా." ఈసారి గొంతులో ఎకసెక్కెం లేదు. "రెండు ఆపరేషన్లంటే మధ్యలో ఎంత కాలమే? ఆ సిమెంటు ముద్ద పెట్టుకుని మంచానికి అతుక్కుపోవాలి. ఈలోపు నా షెడ్యూలు అయిపోద్ది. ఒకే ఆపరేషన్ అయితే కర్ర పట్టుకునైనా సెట్టుకి వెళ్లొచ్చు. కూర్చునే సీన్లే మిగిలినయ్."

ఇన్నేళ్ల తర్వాత అత్తమ్మకు మాటలున్న వేషం దొరికింది. హీరో నాయనమ్మ. సగం తీశారు, సగం మిగిలి ఉంది. ఆ కబురు తెలిసినరోజు మా గల్లీలో ఉన్న జూనియర్ ఆర్టిస్టులందరికీ ఆవిడే మిరపకాయ బజ్జీలు వేసి పెట్టింది, నొప్పి కాలు స్టూలు మీద చాపుకుని.

"నువ్వు రాకపోతె ఆగుతరులే. సగం తీసిండ్రు, ఇంకెవర్ని పెడ్తరు?"

"పిచ్చిపిల్లా, ఇంకెవర్నీ పెట్టరే. నాయనమ్మ పోయిందని హీరో చేత ఒక డైలాగు చెప్పిస్తారు. హాల్లో గోడకి నా ఫోటో పెట్టి దండేస్తారు. అయిపోయె."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవడూ చెప్పక్కర్లేదు. ఆ ఫోటో అప్పుడే తీసుకున్నారు." కిటికీ వైపు చూసింది. "మొన్న కుంటుకుంటూ వెళ్తే మేనేజర్ బాలనర్సయ్య చూశాడు. ప్యాకప్ అయ్యాక వచ్చి, 'అమ్మా, ఊరికే, ఎందుకైనా మంచిది, ఒక స్టిల్లు,' అన్నాడు. బొట్టు కొంచెం పెద్దది పెట్టించి నవ్వమన్నాడు. నవ్వాను. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, ఏ ఫోటో ఆల్బమ్‌కి తీస్తారో, ఏ ఫోటో గోడకి తీస్తారో నాకు తెలీదంటే?"

దూది ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"ముప్పై ఏళ్లు నిలబడ్డానే వందనా. ఎవరి పెళ్లయినా నిలబడ్డా. ఎప్పుడూ నేనే జరిగి కెమెరాకి దారిచ్చా. మొన్న అది నా మొహం కోసం ముందుకి జరిగింది. నువ్వు చూళ్లేదు. నువ్వు చూసుంటే ఇలా మాట్లాడవు."

ఆ మాటకు నా గుండె కరిగింది, అబద్ధమెందుకు. దూది పారేసి, మళ్లీ రంగు వేసి, ఏమీ చూడనట్టు ఉండిపోవచ్చు కదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ ఎర్రటి చర్మం కళ్ల ముందే ఉంది. నా చెయ్యి దానికి కాస్త దూరంలో ఉన్నా సెగ తగులుతోంది.

"కాలు తీసేయాల్సొస్తె? ఒళ్లంత పాకితె? అప్పుడు దండ నిజంగ పడ్తది అత్తమ్మా."

"రేపు కోసినప్పుడు వాళ్లే చూసుకుంటార్లే. లోపల చీముంటే కనపడదా?"

"కనపడకుంటె? ముక్క తీసి టెస్టుకు పంపినా, అది తేలేవరకు దినాలు పడ్తదని సారే చెప్పె గదా. అప్పటికి కొత్తది లోపల పెట్టి కుట్టేస్తరు. పురుగున్న సంచిల కొత్త బియ్యం పోస్తరా?"

అత్తమ్మ నా వంక చూసింది. తర్వాత కిందికి చూసి, "బంగారం, ఇలా రా," అని పూజితను పిలిచింది. అది స్పూను పట్టుకుని పరిగెత్తింది. దాని తల నిమిరి, నా వైపు తిప్పింది.

"దీని తల మీద చెయ్యేసి చెప్పు. డాక్టరుకి చెప్పనని."

నా చెయ్యి లేచింది. అవును, లేచింది. పెద్దవాళ్లు అడిగితే చెయ్యి దానంతటదే లేస్తుంది. పూజిత ఇదేదో ఆట అనుకుని తల ఇంకా ముందుకు వంచి నవ్వుతోంది. ఆ తల మీద చెయ్యి వేశాక డాక్టరుకు చెబితే, మళ్లీ జ్వరం వచ్చిన రోజు నేను బతకగలనా? చెప్పకపోతే, ఆవిడకు ఏమన్నా అయిన రోజు బతకగలనా?

పిల్లను లాక్కుని చంకనేసుకున్నాను.

"నా బిడ్డను నీ మోకాలికి కట్టకు అత్తమ్మా. నేను ఒట్టెయ్య."

తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు, చేతిలో చాయ్ ఫ్లాస్కు. "పిండి గిర్నీ దగ్గరిదాకా వెళ్లాల్సొచ్చింది, ఇక్కడి క్యాంటీన్ చాయ్ అమ్మ తాగదు కదా..." అంటున్నవాడల్లా దూది చూశాడు. నూనె సీసా చూశాడు. ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడ్డాడు.

"నీ చెయ్యే గదా ఇది?" అన్నాను.

"వందనా..."

"స్పాంజి చింపి అద్దినవ్. నాకు తెల్వదా?"

"అమ్మ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు వందనా. ఒక్కటి అడిగింది." ఫ్లాస్కు కిటికీలో పెట్టాడు. "పుండు మానింది కదా, మచ్చే కదా అనుకున్నా. డాక్టరుకి చూపించిన రోజు ఒక్కసారే వేశా. ఇవాళ పొద్దున ఇంకోసారి."

"నాకెందుకు చెప్పలె?"

"నువ్వు ఆయనకి చెప్పేస్తావని."

అదొక్కటి నిజం చెప్పాడు. అత్తమ్మ దిండు కింద ఫోను గురగురమంది. ఆవిడ తీసి, బాలనర్సయ్య పేరు చూసి, మళ్లీ దిండు కింద పెట్టింది. అంతలో బయట చెప్పుల చప్పుడు.

"ఏం సత్యలక్ష్మి గారూ, రేపు మనిద్దరికీ కాంబినేషన్ సీను! డైలాగులన్నీ నావే, మీకు మత్తు ఇస్తారు," అంటూ సుబ్రహ్మణ్యం గారు వచ్చేశాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని. వెనకాల నర్సు.

అత్తమ్మ దుప్పటి మోకాలి మీదికి లాక్కుంది. "మీ దయ డాక్టరు గారూ," అంది నవ్వుతూ. ఆ నవ్వు గోడ మీది ఫోటోలో కూడా అలాగే ఉంటుందేమో అనిపించింది. మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కొంచెమే. నాకు కనపడేంత.

చంకలో పూజిత నా తాళిబొట్టు నోట్లో పెట్టుకుంటోంది. దుప్పటి అంచు పట్టుకుని పైకి తీశాను.

"సార్, జెర గిది సూడుండ్రి."

ఆయన చూశాడు. నవ్వు పోయింది. నుదుటి మీది కళ్లజోడు కళ్ల మీదికి దించాడు. నర్సు చేతి నుంచి గ్లవ్స్ తీసుకుని, గుంట పక్కన రెండు వేళ్లతో మెల్లగా నొక్కాడు. పక్కు అంచు లేచింది. పసుపుపచ్చగా ఒక్క చుక్క బయటికొచ్చి ఆగింది.

పూజిత ఆ పుండు వైపు వేలు చూపించి, "అమ్మా, ఉవ్వీ," అంది.

"ఇది పైన లేచిన పుండు కాదమ్మా. కీలు దగ్గర నుంచి బయటిదాకా దారి పడింది," అన్నాడాయన. "ఇది చూశాక లోపల ఇన్ఫెక్షన్ ఉందా లేదా అని ఇంకో టెస్టు అక్కర్లేదు. రక్తం రిపోర్టులో ఇన్ఫెక్షన్ అంకె ఎక్కువగా ఉండటం చూసినప్పుడే నాకు అనుమానం. అడిగితే మీరు పంటినొప్పి వల్లేమో అన్నారు, నీళ్లలో ఏమీ పెరగలేదు. సర్దుకున్నా. నేను సర్దుకోకూడదు." తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "మందులేమైనా వాడారా?"

"గొంతునొప్పి బిళ్లలండీ," అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

"రేపు ఆపరేషన్ లేదు. సిస్టర్, థియేటర్‌కి చెప్పెయ్యండి."

అత్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకుని, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అంది:

"వేశావు కదే దండ."

డాక్టరు గారు నన్ను తన గదికి రమ్మన్నాడు. పూజితను నర్సుకిచ్చి వెళ్లాను. కూర్చోమంటే కూర్చోలేకపోయాను. ఎక్స్‌రే లైటుకు పెట్టి చూపించాడు. స్టీలుకూ ఎముకకూ మధ్య నల్లటి సన్నగీత.

"నువ్వు ఇవాళ చూపించకపోతే రేపు దీంట్లో కొత్తది పెట్టేవాణ్ణి. అదీ వదులయ్యేది. మూడోసారికి పెట్టడానికి ఎముక మిగలదు. నువ్వు చేసింది మంచి పనే, మనసు కష్టపెట్టుకోకు."

"ఇప్పుడేం చేస్తరు సార్?"

"ఆ బిళ్లలు ఆపేస్తాం. కొన్నాళ్లు ఆగి మళ్లీ నీళ్లు తీస్తాం. ఏ సూక్ష్మజీవో దాని పేరు తెలియాలి, పేరు తెలిస్తేనే దానికి సరైన మందు. తర్వాత మొదటి ఆపరేషన్." ఎక్స్‌రే లైటు ఆర్పాడు. "ఒక్క మాట జాగ్రత్తగా విను. ఈ ఆగడమంతా ఆవిడ నిలకడగా ఉంటేనే. చలి పుట్టినా, ఒళ్లు కాలినా అది రక్తంలోకి దిగిందని అర్థం. అప్పుడు బిళ్లలు ఆపడం, ఎదురుచూడటం ఉండవు. ఆ గంటలోనే తెరిచి కడగాలి. ఆవిణ్ణి ఇక్కణ్నుంచి కదలనివ్వకు."

తల ఊపాను. వరండాలోకి వచ్చాక కాళ్లు వాటంతటవే తొందరపడ్డాయి. అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చోవాలి, తిట్టినా పడాలి. ఆ బాలనర్సయ్య దగ్గరికి నేనే వెళ్లి, షెడ్యూలు జరపమని కాళ్లావేళ్లా పడతానని చెప్పాలి. ఫిల్మ్‌నగర్ ఎంత దూరం, ఆ మలుపు దాటితే అదే కదా.

గది తలుపు బార్లా తీసి ఉంది.

మంచం ఖాళీ. ఆస్పత్రి గౌను దిండు మీద మడత పెట్టి ఉంది. వాకర్ గోడకు ఆనించి అలాగే ఉంది. ఫ్లాస్కు కిటికీలో ఉంది, మూత కూడా తియ్యలేదు. మూలకు చూశాను.

మా ఆయన మేకప్ పెట్టె లేదు.

"మీ ఆయనే కదమ్మా, ఎక్స్‌రేకి పిలిచారని ఒంటి నిండా దుప్పటి కప్పి వీల్‌చైర్లో తీసుకెళ్లాడు," అంది నర్సు, చంకలో పూజితతో పరుగున వస్తూ. "సార్ రాశారన్నాడు... రాయలేదా?"

పూజితను లాక్కున్నాను. నా చెయ్యి అలవాటు కొద్దీ దాని నుదుటి మీదికి పోయింది. చల్లగా ఉంది. దాని బుగ్గ మీద గోధుమరంగు అంటుకుని ఉంది, సరిగ్గా ముద్దంత.

"నాయనమ్మ ముద్దు పెట్టింది. షూటింగుకు పొయ్యింది, టాటా," అంది పూజిత. తర్వాత ఆ బుగ్గ తడుముకుంటూ మొహం చిట్లించింది.

"నాయనమ్మ మూతి కాలుతుందమ్మా. పొయ్యి లెక్క."